అరిగిన డిస్క్, మూడు జవాబులు

ప్రశ్న:
మేష్టారూ, నమస్కారం. మాది గజపతి జిల్లా కాశీనగర్. పర్లాకిమిడిలో ప్లస్ టూ సైన్స్ చదువుతున్నాను. ఇంట్లో తెలుగే గానీ బడిలో ఒడియా, ఇప్పుడు పుస్తకాలన్నీ ఇంగ్లీషు. తెలుగు రాయడం అమ్మ దగ్గర నేర్చుకున్నదే, తప్పులుంటే మన్నించండి.

మా నాన్నగారికి గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు ఉంది. ఇనుము కోసే పెద్ద మిషన్‌కి 14 అంగుళాల డిస్క్ వేస్తారు. కొలిస్తే 355 మిల్లీమీటర్లు ఉంది. మిషన్ ప్లేటు మీద 3800 ఆర్‌పీఎం అని రాసి ఉంది. డిస్క్ అంచు ఎంత వేగంతో వెళ్తుందో కట్టి చూద్దామని కూర్చున్నాను. వేగం అంటే వ్యాసార్ధం ఇంటూ ఒమేగా కదా అని 0.1775ని 3800తో గుణిస్తే 674.5 వచ్చింది. ఐటీఐ చదివిన అన్నయ్య తన ఫార్ములాతో చేస్తే 4238 వచ్చింది. మా సార్ బోర్డు మీద 70.6 అని తేల్చారు. ముగ్గురివీ మూడు జవాబులు. ఏది నిజం? ఈ రెండు పైలు, అరవై ఎక్కణ్నుంచి వస్తాయి?

ఇంకొకటి. డిస్క్ అరిగి చిన్నదైపోతే, మిషన్ అంతే జోరుగా తిరుగుతున్నా ఇనుము సరిగ్గా తెగదు. ఎందుకు? అన్నయ్య ఇప్పుడు అలాంటివి పారేయడం లేదు. 200 మిల్లీమీటర్లకు వచ్చిన డిస్క్‌కి లేతు మీద బుష్ (బెజ్జం తేడా నింపే రింగు) చేయించి 4 అంగుళాల చేతి గ్రైండర్‌కి బిగిస్తున్నాడు. దాని మీద 11000 ఆర్‌పీఎం అని ఉంది. డిస్క్ మీద రక్షణగా ఉండే మూత, గార్డు, అడ్డొస్తోందని తీసేశాడు. నిజంగానే వెన్న కోసినట్టు కోస్తోంది. ఆ లెక్క కూడా చెప్పండి.
ఒక విద్యార్థిని, కాశీనగర్

జవాబు:
తల్లీ, ఉత్తరం చివర తేలిగ్గా రాసేసిన ఆ మాటకే ముందు జవాబు చెబుతాను. చేతి గ్రైండర్‌కి బిగించిన ఆ డిస్క్‌ని ఈరోజే విప్పించు. ఇది చదవడం మధ్యలో ఆపి షాపుకి వెళ్లి చెప్పి వచ్చినా సరే, లెక్క ఎక్కడికీ పోదు. ఎందుకు విప్పాలో నువ్వు మొదలెట్టిన లెక్కే చెబుతుంది. నువ్వు చాలా దగ్గరకు వచ్చి ఒక్క మెట్టు కింద ఆగిపోయావు.

తెలుగు గురించి మన్నించమన్నావు. మన్నించడానికి ఏమీ లేదమ్మా. మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు పంతులుగా పాఠాలు చెప్పింది నువ్వు చదువుతున్న పర్లాకిమిడిలోనే. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసింది, మాట మాత్రం ఇళ్లలో అలాగే ఉండిపోయింది. నువ్వు రాసింది ఆ మాటే. ఇంకెప్పుడూ ఉత్తరం మొదట్లో క్షమాపణ రాయకు.

ఇక మూడు జవాబుల సంగతి. నిజానికి అవి మూడు కావు, రెండే. అన్నయ్య 4238, సార్ 70.6 ఒకే వేగం. ఐటీఐలో నేర్పే ఫార్ములా ఇది: పై ఇంటూ వ్యాసం ఇంటూ ఆర్‌పీఎం, బై వెయ్యి. వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వేస్తారు కాబట్టి వెయ్యితో భాగిస్తే మీటర్లవుతాయి. ఆర్‌పీఎం అంటే నిమిషానికి ఎన్ని చుట్లని గనుక జవాబు కూడా నిమిషానికే వస్తుంది. అంటే నిమిషానికి 4238 మీటర్లు. దాన్ని అరవైతో భాగించు, సెకనుకు 70.6 మీటర్లు. మిషన్ పనివాళ్లు ఎక్కువగా నిమిషాల్లో మాట్లాడతారు, మీ ఫిజిక్స్ పుస్తకం సెకన్లలో మాట్లాడుతుంది, అంతే తేడా. అన్నయ్య ఎక్కడా తప్పలేదు.

నీ 674.5 మాత్రం ఏ కొలతలోనూ నిలబడదు. వ్యాసార్ధాన్ని ఒమేగాతో గుణించాలన్నది నిజమే. కానీ 3800 ఒమేగా కాదు, అది చుట్ల లెక్క. ఒమేగాకి కావలసింది సెకనుకి ఎన్ని రేడియన్లు అన్నది. ఈ రేడియన్ దగ్గరే పిల్లలందరూ జారతారు. ఎందుకంటే దాన్ని చూపించకుండా చెప్పేస్తాం.

వంటింట్లోంచి ఒక స్టీలు కంచం తెచ్చుకో. అంచు నుంచి అంచుకి 28 సెంటీమీటర్లు ఉందనుకుందాం. మధ్య నుంచి అంచు దాకా 14. సరిగ్గా 14 సెంటీమీటర్ల దారం ముక్కలు ఏడు కత్తిరించు. ఒక ముక్కని కంచం అంచు వెంబడే వంచి పెట్టు. దాని కొసకి ఆనించి రెండోది, తర్వాత మూడోది. ఆరు పెట్టేసరికి దాదాపు చుట్టేసి వచ్చేస్తావు, కానీ మొదటి ముక్క తగలదు. నాలుగు సెంటీమీటర్ల జాగా మిగిలిపోతుంది. ఏడోది పూర్తిగా అందులో పట్టదు. ఆరు ముక్కలూ, ఏడోదాంట్లో పావు కంటే కాస్త ఎక్కువా. 6.28. నువ్వడిగిన రెండు పైలు ఇవే. కంచం మార్చి చూడు, గాజుతో చూడు, బావి గట్టు చుట్టూ తాడు పరిచి చూడు, ఆరూ పావూ దగ్గరే ఆగుతుంది.

ఒక్క దారం ముక్క అంచు మీద ఎంత మేర పరుచుకుందో, కంచం మధ్య నుంచి చూస్తే అంత కోణం ఒక రేడియన్. ఆ పేరు అచ్చులో మొదట కనిపించింది 1873లో, బెల్‌ఫాస్ట్‌లో జేమ్స్ థామ్సన్ అనే ఇంజనీరింగ్ ఆచార్యుడు ఇచ్చిన పరీక్ష పేపర్లో. పేరు కొత్తదే గానీ పని పాతదే. రేడియన్ అన్న మాటని నువ్వు మనసులో 'ఎన్ని వ్యాసార్ధాల దూరం' అని చదువుకో. ఒక చుట్టు తిరిగితే అంచు మీది చుక్క 6.28 వ్యాసార్ధాల దూరం నడిచింది. అందుకే రేడియన్లని వ్యాసార్ధంతో గుణిస్తే చాలు, దూరం వచ్చేస్తుంది. డిగ్రీల్లో ఈ సుఖం లేదు, ప్రతిసారీ 180, పై లోపలికి వచ్చి కూర్చుంటాయి.

ఇప్పుడు నీ డిస్క్‌కి వద్దాం. నిమిషానికి 3800 చుట్లంటే సెకనుకి 63.33 చుట్లు. చుట్టుకి 6.2832 రేడియన్లు చొప్పున సెకనుకి 397.9 రేడియన్లు. అది ఒమేగా. 0.1775 మీటర్లతో గుణించు, 70.6. నువ్వు వదిలేసిన మెట్టు 6.2832 బై 60, అంటే 0.1047. నీ 674.5ని దానితో గుణించి చూడు, అక్షరాలా 70.6 వస్తుంది. నీ గుణకారం సరైనదే, నిమిషాల చుట్లు సెకన్ల రేడియన్లుగా మారలేదు, అంతే.

ఇంకో గొయ్యి ఉంది, నువ్వు దాంట్లో పడలేదు గానీ మీ క్లాసులో ఎవరో ఒకరు పడే ఉంటారు. వ్యాసార్ధం వేయాల్సిన చోట వ్యాసం వేస్తే 141 వస్తుంది. జవాబు సరిగ్గా రెట్టింపు వచ్చిందంటే కారణం ఇంకెక్కడా వెతకొద్దు.

పై విలువగా 22 బై 7 వేయాలా, 3.14 వేయాలా అని కూడా పిల్లలు అడుగుతుంటారు. షాపు పనికి ఏదైనా ఒకటే. 22 బై 7 వేస్తే పదివేలకి నాలుగు మాత్రమే ఎక్కువ చూపిస్తుంది. అయినా 3.1416 అలవాటు చేసుకో. 499లోనే ఆర్యభటుడు 20000 వ్యాసమున్న వృత్తానికి చుట్టుకొలత 62832 అని చెప్పి, అది కూడా దగ్గరి విలువేనని ఆ శ్లోకంలోనే అన్నాడు. 62832ని 20000తో భాగించు, ఏం వస్తుందో చూడు.

నీ రెండో ప్రశ్న నాకు మొదటిదానికంటే నచ్చింది. అంతే జోరుగా తిరుగుతున్నా అరిగిన డిస్క్ ఎందుకు కోయదు? కోర్సులో మార్కుల కోసం అడిగే ప్రశ్న కాదిది, మిషన్ పక్కన నిలబడి చూసిన మనిషికే వస్తుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లని కళ్లంలో నూర్పుల గురించి అడుగు. నూర్పిడి మిషన్లు రాకముందు కళ్లం నడుమ గుంజ పాతి, పశువుల్ని వరసగా బంతి కట్టి గడ్డి మీద తిప్పేవారు. గుంజ పక్కన ముసలి ఎద్దుని కట్టేవారు, బయటి చివర వయసులో ఉన్నదాన్ని కట్టేవారు. ఎందుకంటావు? అన్నీ ఒకే తాడుకి కట్టి ఉన్నాయి, ఒక చుట్టు అన్నిటికీ ఒకేసారి పూర్తవుతుంది. నిమిషానికి రెండు చుట్లు అనుకో. గుంజకి మీటరు దూరంలో ఉన్నది ఆ నిమిషంలో పన్నెండున్నర మీటర్లు నడిస్తే చాలు. నాలుగు మీటర్ల దూరంలో ఉన్నది యాభై మీటర్లు నడవాలి. ఆర్‌పీఎం బంతి మొత్తానికి ఒక్కటే. నడక మాత్రం ఏ ఎద్దుది దానిది. ఆ ఏర్పాటు చేసిన రైతుకి ఒమేగా అన్న మాట తెలియదు, విషయం మాత్రం పూర్తిగా తెలుసు.

ఇంట్లో ఫ్యాన్ చూడు. మామూలు సీలింగ్ ఫ్యాన్ రెక్కల కొసలు తిరిగే వలయం వ్యాసం 1200 మిల్లీమీటర్లు. నిండు జోరులో 350 ఆర్‌పీఎం వేసుకో. కొస వేగం సెకనుకి 22 మీటర్లు, అంటే గంటకి 79 కిలోమీటర్లు. మధ్య నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర అదే రెక్క వేగం సెకనుకి 5.5 మీటర్లే. స్విచ్ ఆపి, ఫ్యాన్ నెమ్మదించేటప్పుడు తలెత్తి చూడు. మధ్య భాగం రెక్కలు విడివిడిగా కంటికి ఆనుతాయి, కొసల దగ్గర ఇంకా పొగలా ఉంటుంది. ఒక్క రెక్క మీదే అన్ని వేగాలూ ఉన్నాయి. అందుకే 'ఫ్యాన్ వేగం ఎంత' అని అడిగితే ఆర్‌పీఎం చెప్పొచ్చు గానీ మీటర్లు చెప్పాలంటే ఎక్కడ అని ఎదురు అడగాలి.

డిస్క్ అరగడమంటే బయటి ఎద్దు గుంజ వైపు జరుగుతూ రావడమే. మిషన్ 3800 ఇస్తూనే ఉంటుంది. కొత్త డిస్క్ అంచు సెకనుకి 70.6 మీటర్లు వెళ్లేది, 250 మిల్లీమీటర్లకి అరిగేసరికి 49.7 అయింది, 200కి వచ్చేసరికి 39.8. మోటారు మోత మారదు కాబట్టి చెవికి తేడా తెలియదు. ఇనుముకి తెలుస్తుంది. అంచు నెమ్మదిస్తే డిస్క్ లోని ఒక్కో గరుకు రేణువు ఇనుములోంచి ఎక్కువ లోతుగా పీకాల్సి వస్తుంది, దాంతో రేణువే ఊడిపోతుంది. డిస్క్ మెత్తబడినట్టు అనిపిస్తుంది, త్వరగా అరుగుతుంది. కోసేవాడు ఇంకా గట్టిగా నొక్కుతాడు.

రైలు చక్రానికీ ఇదే బెడద. మీ ఊరి మీదుగా గుణుపూర్ వెళ్లే లైను ఒకప్పుడు రెండున్నర అడుగుల చిన్న గేజి, 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వేసినది. ఇప్పుడు బ్రాడ్‌గేజి. పట్టా ఏదైనా చక్రం అరుగుతూనే ఉంటుంది. డబ్ల్యూఏపీ-7 రకం ఎలక్ట్రిక్ ఇంజన్ చక్రం కొత్తలో 1092 మిల్లీమీటర్లు, మార్చేసే నాటికి 1016. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి వేగం చూపించే మీటరు కొత్త చక్రం కొలతే నమ్ముకుంటే, గంటకి వంద అని చూపించినప్పుడు బండి వెళ్లేది తొంభై మూడే. అందుకే షెడ్డులో చక్రం కొలిచి ఆ కొలత మీటరుకి ఇస్తారు.

ఇప్పుడు చేతి గ్రైండర్. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదువు, అన్నయ్యని పక్కన కూర్చోబెట్టుకుని చదివితే ఇంకా మంచిది.

4 అంగుళాల గ్రైండర్‌కి దాని సొంత డిస్క్, అంటే 100 మిల్లీమీటర్లది వేస్తే అంచు వేగం 57.6 మీటర్లు. దానికి 200 మిల్లీమీటర్ల డిస్క్ బిగిస్తే అదే 11000 మీద సెకనుకి 115.2 మీటర్లు. గంటకి 415 కిలోమీటర్లు. పెద్ద డిస్క్ కొత్తగా ఉన్నప్పుడు దాని మీద అతికించిన గుండ్రటి కాగితం చూడండి. సాధారణంగా సెకనుకి 80 మీటర్లు అనీ, గరిష్ఠం 4300 ఆర్‌పీఎం లేదా ఆ దరిదాపుల అంకె అనీ ఉంటుంది. ఆ రెండు అంకెలూ ఒకదాన్నొకటి సరిచూసుకునేవే, 355 మిల్లీమీటర్లకి లెక్క కట్టు, తెలుస్తుంది. తయారుచేసినవాళ్లు 4300 వరకే మాట ఇచ్చారు. అన్నయ్య దాన్ని 11000 మీద తిప్పుతున్నాడు.

అన్నయ్య ఒక మాట అనొచ్చు. 'డిస్క్ చిన్నదైంది కదా, ఇప్పుడు ఎక్కువ ఆర్‌పీఎం తట్టుకోవాలి కదా' అని. తెలివైన మాటే, కొంత నిజం కూడా. అయినా లెక్క కట్టు. 200 మిల్లీమీటర్లకి 80 మీటర్లు రావాలంటే 7640 ఆర్‌పీఎం. 11000 దానికి చాలా పైన ఉంది. పైగా అరిగాక ఎంత తట్టుకుంటుందో ఎవరూ పరీక్ష చేసి పెట్టలేదు. కాగితం మీది ఆర్‌పీఎం డిస్క్ చచ్చేదాకా అదే.

ఈ తేడా ఎంత పెద్దదో చేతికి తెలిసేలా చెబుతాను. గుండ్రంగా తిరిగే వస్తువు ప్రతి క్షణం తిన్నగా పారిపోదామని చూస్తుంది, డిస్క్ దాన్ని లోపలికి లాగి పట్టుకోవాలి. ఆ లాగుడుకి ఫార్ములా నీకు తెలుసు, వేగం వర్గం బై వ్యాసార్ధం. పెద్ద మిషన్ మీద కొత్త డిస్క్ అంచున ఒక గ్రాము ముక్కని పట్టి ఉంచడానికి సుమారు 2.9 కిలోల బరువు మోసేంత బలం కావాలి. చేతి గ్రైండర్ మీద ఈ 200 మిల్లీమీటర్ల డిస్క్ అంచున అదే ఒక్క గ్రాముకి 13.5 కిలోలు. ఒక గ్రాము తల్లీ, ఉప్పు చిటికెడు. పూర్తి డిస్క్ లోపల పుట్టే ఒత్తిడి అంచు వేగం వర్గంతో పెరుగుతుంది. 70.6 నుంచి 115.2కి వెళ్లిందంటే ఆ ఒత్తిడి రెండున్నర రెట్లు దాటింది. అప్పటికే వాడేసిన డిస్క్ అది, వానాకాలం తేమ తాగి ఉండొచ్చు, కంటికి కనపడని బీట ఉండొచ్చు. ఆ డిస్క్ బెజ్జం ఒక అంగుళం, మీ గ్రైండర్‌ది 16 మిల్లీమీటర్లు. ఆ తేడా నింపిన బుష్ వెంట్రుక వాసి పక్కకి ఉన్నా డిస్క్ ఊగుతుంది. డిస్క్ ని నొక్కి పట్టే బిళ్లని ఫ్లాంజి అంటారు, చిన్న మిషన్ ఫ్లాంజి పెద్ద డిస్క్‌ని సరిగ్గా పట్టదు. పైగా పెద్ద మిషన్‌లో డిస్క్ తిన్నగా కిందికి దిగుతుంది, చేతిలో ఉన్నది ఎంత జాగ్రత్తపడ్డా కాస్త వంకర పోతుంది. పక్కకి వంచితే తట్టుకునే రకం కాదది.

'వెన్న కోసినట్టు కోస్తోంది' అని రాశావు. కోస్తుంది మరి. 39.8 మీటర్లకి పడిపోయిన అంచు 115కి లేచింది. అది బాగా కోయడమూ, పగలడానికి సిద్ధంగా ఉండడమూ ఒకే కారణం వల్ల.

పగిలితే ముక్క ఎటు వెళ్తుందో నీకు ప్రతిరోజూ కనిపిస్తూనే ఉంది. ఇనుము కోసేటప్పుడు నిప్పురవ్వలు చూడు. డిస్క్‌తో పాటు గుండ్రంగా తిరగవు, తగిలిన చోటి నుంచి తిన్నగా గీత గీసినట్టు పోతాయి. చేలో పిట్టల్ని తోలే వడిసెల కూడా అంతే, తాడు వదిలిన క్షణాన రాయి ఎటు చూస్తుందో అటే పోతుంది. అంచు మీది ప్రతి చుక్కకీ దాని వేగం స్పర్శరేఖ దిక్కునే ఉంటుంది, వదిలేస్తే అదే దారి. అంటే ముక్కలు డిస్క్ తిరిగే పలక (తలం) వెంబడే ఎగురుతాయి. కోసేవాడి ముఖం, ఛాతీ సరిగ్గా ఆ పలకలోనే ఉంటాయి. ముక్కలకీ మనిషికీ మధ్య ఉండాల్సింది గార్డు.

నేను పనిలో చేరిన కొత్తల్లో ఒక వర్క్‌షాపులో ఇదే జరిగింది. అచ్చం ఇదే. పెద్ద మిషన్‌లో అరిగిన డిస్క్, లేతు మీద చేసిన బుష్, తీసి బల్ల కింద పడేసిన గార్డు. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద, చేతి పని బంగారం. మోకాలు ఆనించి యాంగిల్ ముక్క కోస్తున్నాడు. కోత చివర డిస్క్ బిగుసుకుంది. టప్పుమని ఒక్క చప్పుడు, అంతే. నేను తిరిగి చూసేసరికి మిషన్ నేల మీద తిరుగుతోంది, ఆయన రెండు చేతులూ ముఖం మీద పెట్టుకుని కూర్చున్నాడు. ప్రాణం దక్కింది, కుడి కన్ను దక్కలేదు. ఇంకో ముక్క పైకప్పు రేకులోంచి దూసుకుపోయింది. తర్వాత చాలా కాలం, పొద్దున పదకొండు గంటల వేళ ఆ చిల్లులోంచి రూపాయి బిళ్లంత ఎండ నేల మీద పడేది. దాని మీద అడుగు పెట్టకుండా పక్కనుంచి నడిచేవాళ్లం. ఆయన ఆర్‌పీఎం చదవకుండా బిగించాడని కాదు. చదివాడు. ఆర్‌పీఎం ఒక్కటే చదివితే సరిపోదని మాకెవరికీ ఎవరూ చెప్పలేదు.

అన్నయ్యతో మాట్లాడేటప్పుడు తప్పు పట్టినట్టు మొదలుపెట్టకు. ఆయన గమనించింది నిజం. అరిగిన డిస్క్‌కి లోపం డిస్క్‌లో లేదు, అంచు వేగం తగ్గడంలో ఉందని ఫార్ములా లేకుండా చేత్తో కనిపెట్టాడు. ఎంత పెంచాలో, ఎక్కడ ఆగాలో లెక్క లేదు, అంతే. ఆ లెక్క నీ దగ్గర ఉంది. 'నువ్వన్నది కరెక్టే అన్నయ్యా, ఎంత పెరిగిందో చూద్దాం రా' అని కాగితం ముందు పెట్టు. ఐటీఐ చదివినవాడు, తన ఫార్ములాతోనే కడతాడు. 3.1416 ఇంటూ 200 ఇంటూ 11000, బై వెయ్యి. నిమిషానికి 6912 మీటర్లు వస్తుంది. అరవైతో భాగించమను. వచ్చిన అంకెని డిస్క్ మీద ఉన్న 80 పక్కన పెట్టమను.

అరిగిన డిస్క్ డబ్బు దండగ అనే బాధ నిజమైనదే, చిన్న షాపులో ప్రతి రూపాయీ కనిపిస్తుంది. దానికి దారి ఉంది. అరిగినదాన్ని అదే పెద్ద మిషన్‌లో ఉంచి సన్న పైపులు, పల్చటి చదరపు ట్యూబులు కోయడానికి వాడుకోండి. లోతు తగ్గుతుంది కాబట్టి వాటికి అది చాలు, నెమ్మదిగా తెగినా ప్రమాదం పెరగదు, ఎందుకంటే అంచు వేగం తగ్గే వైపు వెళ్తోంది గానీ పెరిగే వైపు కాదు. మందపాటి యాంగిళ్లకి, ఛానళ్లకి కొత్త డిస్క్ వేయండి. ఫ్లాంజి దగ్గరకి వచ్చేశాక మాత్రం తీసేసి, ఇంకెవరూ వాడకుండా రెండుగా విరిచి పారేయాలి. డిస్క్ నడుమ ఉన్న ఇనుప రింగు మీద గడువు తేదీ కొట్టి ఉంటుంది, దాన్నీ చూస్తుండండి.

షాపు గోడ మీద సుద్దతో ఒక్క వాక్యం రాసి పెట్టు. 'మిల్లీమీటర్లు ఇంటూ ఆర్‌పీఎం, బై 19100'. వచ్చేది సెకనుకి మీటర్లు. ఈ 19100 ఎక్కడిదో నువ్వే తేల్చుకోగలవు, అరవైని వెయ్యితో గుణించి పైతో భాగించు. 355 ఇంటూ 3800 బై 19100, 70.6. 100 ఇంటూ 11000 బై 19100, 57.6. తిరగేసి కూడా వాడుకోవచ్చు: 80ని 19100తో గుణించి డిస్క్ కొలతతో భాగిస్తే ఎంత ఆర్‌పీఎం దాటకూడదో వస్తుంది. 180 మిల్లీమీటర్ల డిస్క్‌కి కట్టి చూడు, 8500కి ఓ పది అటూ ఇటూగా వస్తుంది. 7 అంగుళాల డిస్క్‌ల మీద సాధారణంగా అచ్చు వేసి ఉండేది ఆ 8500 లేదా దాని దరిదాపుల అంకే. దుకాణంలో డిస్క్ కొనేటప్పుడు ఈ లెక్క ఫోన్‌లో కట్టడానికి పది సెకన్లు పడుతుంది.

చేతి గ్రైండర్‌కి దాని 4 అంగుళాల కటింగ్ డిస్కే వేయించు. గార్డు మళ్లీ బిగించాలి, కోసేవాడి వైపుకి మూత వచ్చేలా తిప్పి. కొత్త డిస్క్ వేసిన ప్రతిసారీ ఇనుముకి ఆనించకుండా ఒక నిమిషం ఖాళీగా తిప్పండి, ఆ నిమిషం ఎవరూ దాని పలకకి ఎదురుగా నిలబడకూడదు. నువ్వు కొలతలు తీసుకోవడానికి షాపుకి వెళ్లేటప్పుడు కూడా పక్కన నిలబడు, ఎదురుగా కాదు. కళ్లద్దాలు పెట్టుకో.

ఇక ఆ లేతు మీద చేయించిన బుష్ ఉంది చూశావా, దాన్ని షాపులో ఏ డబ్బాలోనూ ఉంచకండి. పని తొందరలో ఉన్న రోజున ఎవరి చేతికో ఒకరికి అది దొరుకుతుంది.